పొరుగువాని గడప

బలవంతుడైన పొరుగువాడు బలహీనుని పెరటిలో దొంగను వెదకబూనినపుడు తలుపు తట్టి పోవునా, గోడ దూకి పోవునా యనునది కేవలము ధర్మశాస్త్ర చర్చ కాదు. మరునాడు ఆ యిరువురును ఒకరి మొగ మొకరు చూచుకొనగలరా లేదా యనునది దానిపై నాధారపడియుండును. ఈ విషయమున పరదేశముల తప్పులెన్నుట మనకు సులభము. మనమే బలవంతుల స్థానమున నున్న సందర్భమును, అనగా భూటాను విషయమును, నేడు పరిశీలింతము.

1990, 1991 సంవత్సరములలో అస్సాములో మన సైన్యము జరిపిన చర్యలకు తాళలేక ఉల్ఫా సాయుధులు దక్షిణ భూటాను అడవులలో తలదాచుకొనిరి. పిదప బోడో, కామతాపురి దళములును వారి వెంట జేరెను. 2003 నాటికి అచ్చట ముప్పది శిబిరము లుండెను. అస్సాములో రక్తపాతము గావించి సరిహద్దు దాటిపోవువారిని తరిమి పట్టవలదా యని మనవారు కొందరు గర్జించిరి. 1949 నాటి ఒడంబడికలో రెండవ నిబంధన ప్రకారము విదేశ వ్యవహారములందు భూటాను మన సలహా ననుసరింపవలసినదే. కాని ఆ నిబంధనయందే భూటాను ఆంతరంగిక పరిపాలనలో జోక్యము కలిగించుకొనమని మనమును మాట యిచ్చియుంటిమి. గర్జించినవారు రెండవ సగమునే చదివిరి కాబోలు!

భూటాను ప్రభుత్వము ఏండ్ల తరబడి ఆ సాయుధులతో సంప్రదించి విఫలమయ్యెను. తుదకు 2003 డిసెంబరు 15 వ తేదీన తన చిన్న సైన్యమును తానే నడిపించెను. రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ స్వయముగా రంగమునకు పోయెను. మన సైన్యము మన గట్టునే నిలిచి, పారిపోవువారి దారులు మూసెను. కొలది వారములలో శిబిరములు నాశనమయ్యెను. 2007 ఫిబ్రవరిలో ఒడంబడిక తిరిగి వ్రాయబడెను. సలహా ననుసరించు మాట తొలగి, ఒకరి భూమిని మరియొకరికి కీడు చేయువారికి విడువరాదను సమాన బాధ్యత ఆ చోట జేరెను. ఆయుధముల దిగుమతికి మన ఆమోదము పొందవలయునను నియమమును సడలెను. ఇది మనము చూపిన దయ కాదు. ఆలస్యముగా తీర్చిన బాకీ.

2015 జూనులో మణిపురమున పదునెనిమిదిమంది సైనికులు హతులైన పిదప మనవారు బర్మా సరిహద్దున జరిపిన ప్రతిచర్య వేరు తీరుగా నడచెను. ఆ చర్య యుక్తమా కాదా యని మేమిచట వాదింపము. కాని దేశము దాటి పోతిమని మన మంత్రియే చాటగా, తమ గడ్డపై నట్టిదేమియు జరుగలేదని బర్మా ప్రభుత్వము చెప్పుకొనవలసి వచ్చెను. సాయపడదలచిన పొరుగువానిని నలుగురిలో తలవంచుకొనజేయుట యేటి రాజనీతి?

భూటాను చర్యయందును న్యాయవాదిగా మమ్ము బాధించు విషయమొకటి గలదు. నేరస్థుల నప్పగించుటకు 1996 లోనే రెండు రాజ్యముల నడుమ ఒడంబడిక కుదిరినది. దానికొక పద్ధతి, కాగితము, విచారణ గలవు. అడవిలో సైనికునకు చిక్కి సరిహద్దున చేతులు మారినవానికి ఇవి యెక్కడివి? ఆ చర్యలో తమవారేమైరో తెలియక అస్సాములో కొన్ని కుటుంబములు ఏండ్లకొలది మొరపెట్టుకొనెను. వారిలో సాయుధుల భార్యలు గలరు. భర్త నేరము చేసియుండవచ్చును. అంతమాత్రమున అతడు బ్రతికియున్నాడో లేదో తెలిసికొను హక్కు భార్యకు లేకపోదు. ఆమె ఢిల్లీ నడుగవలయునా, థింఫు నడుగవలయునా? చిక్కినవారెవరు, చనిపోయినవారెవరు, ఎవరిని ఏనాడు ఎవరి కప్పగించిరి యను పట్టికను ఉభయ ప్రభుత్వములును కలిసి ప్రకటించుట నేటికైనను మించిపోలేదు.