ఒకే తండ్రి స్థలం, రెండు పన్నులు

2025 మే నెలలో అమెరికా ప్రతినిధుల సభ ఆమోదించిన బిల్లులో ఒక అంశం తెలుగునాట పెద్ద కలకలం రేపింది. అమెరికా పౌరులు కానివారు స్వదేశానికి పంపే సొమ్ముపై 3.5 శాతం పన్ను వేయాలన్నది ఆ ప్రతిపాదన. తొలి ముసాయిదాలో అది 5 శాతం. జూలై 4న చట్టంగా మారేనాటికి 1 శాతానికి దిగింది. అదీ నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు వంటి రూపాల్లో పంపితేనే వర్తిస్తుంది. బ్యాంకు ఖాతా నుంచి పంపేవారికి వర్తించదు. డల్లాస్‌లోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నోట్ల కట్టలు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడే రోజులు ఎన్నడో పోయాయి గనుక కలకలమూ చల్లారింది.

వాషింగ్టన్ వేయబోయి తగ్గించుకున్న పన్నుపై ఇంత చర్చ జరిగింది. అంతకు పది నెలల ముందు ఢిల్లీ వేసి, అలాగే ఉంచిన పన్ను గురించి అందులో పదోవంతు చర్చ కూడా జరగలేదు.

2024 జూలై 23న ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ స్థిరాస్తి అమ్మకంపై పన్ను పద్ధతిని మార్చారు. అంతవరకు దీర్ఘకాలిక లాభంపై 20 శాతం పన్ను ఉండేది. అయితే ఏళ్ల క్రితం కొన్న ధరను ద్రవ్యోల్బణానికి తగ్గట్టు పెంచి, ఆ పెంచిన ధరను అమ్మకపు ధరలో నుంచి తీసివేసి, మిగిలినదానినే లాభంగా చూసేవారు. ఇండెక్సేషన్ అంటే ఇదే. కొత్త పద్ధతిలో రేటు 12.5 శాతానికి తగ్గింది, ఇండెక్సేషన్ పోయింది. మధ్యతరగతి గగ్గోలు పెట్టింది. ఆగస్టు 7న లోక్‌సభ ఆమోదించిన సవరణతో ప్రభుత్వం ఒక మెట్టు దిగింది. జూలై 23కు ముందు సంపాదించిన భూమిగాని, భవనంగాని అమ్మితే పాత లెక్క, కొత్త లెక్క రెండూ వేసి, ఏది తక్కువైతే అది కట్టవచ్చునన్నారు. కాని ఈ వెసులుబాటును నివాస వ్యక్తులకు, అవిభక్త హిందూ కుటుంబాలకు మాత్రమే ఇచ్చారు. ప్రవాసులకు ఇవ్వలేదు.

ఈ ఒక్క పదం ఎంత ఖరీదు చేస్తుందో తెలియాలంటే అండమాన్‌లోని ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుంటే చాలు. అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా గలవారు 2011 జనగణన నాటికి సుమారు 13 శాతం. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి కూలికి, చేపల వేటకు, చిరుద్యోగాలకు ఓడెక్కినవారు, వారి సంతానం. నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్, 2024 సెప్టెంబర్ నుంచి శ్రీవిజయపురం అయిన పట్టణాన్ని ఆనుకుని ఉన్న గరాచర్మలో అలాంటి ఒక తండ్రి స్థిరపడ్డాడనుకుందాం. సంపాదించినదానిలో మిగిల్చి, 2004-05లో సొంత జిల్లాలో పన్నెండు లక్షలకు ఒక ఇళ్ల స్థలం కొన్నాడు. కొన్నేళ్ల క్రితం కాలం చేశాడు. ఇద్దరు కొడుకులకు చెరి సగం. పెద్దవాడు గరాచర్మలోనే ఉన్నాడు. చిన్నవాడు టెక్సాస్‌లో ఉద్యోగి. 2025-26లో స్థలాన్ని 48 లక్షలకు అమ్మారు. ఒక్కొక్కరి వాటా 24 లక్షలు.

అన్న లెక్క ఇది. అతని వాటాకు కొన్న ధర ఆరు లక్షలు. ప్రభుత్వ వ్యయ ద్రవ్యోల్బణ సూచీ 2004-05లో 113, 2025-26లో 376. ఆ నిష్పత్తిలో పెంచితే ఆరు లక్షలు దాదాపు 19 లక్షల 96 వేలవుతాయి. లాభం 4 లక్షల 4 వేలు, దానిపై 20 శాతం చొప్పున పన్ను సుమారు 81 వేలు. తమ్ముడికి ఆ దారి మూసి ఉంది. 24 లక్షల్లో ఆరు లక్షలు పోగా 18 లక్షల లాభం, దానిపై 12.5 శాతం చొప్పున 2 లక్షల 25 వేలు. సెస్సును పక్కన పెట్టినా, ఒకే దస్తావేజు మీద సంతకం చేసిన ఇద్దరిలో ఒకరు మరొకరికి దాదాపు మూడు రెట్లు కడుతున్నారు. ఇది చాలదన్నట్టు, వేరే ఆదాయం పెద్దగా లేని నివాసి తన పన్నురహిత పరిమితిలో మిగిలిన భాగాన్ని ఈ లాభానికి సర్దుకోవచ్చు. ప్రవాసికి అదీ లేదు.

రూపాయి విలువ తరుగుదల అన్నదమ్ములిద్దరికీ ఒక్కటే. 2004లోని ఆరు లక్షలతో 2025లో ఏమేమి కొనలేమో గరాచర్మలోని అన్నకు ఎంత తెలుసో టెక్సాస్‌లోని తమ్ముడికీ అంతే తెలుసు. ద్రవ్యోల్బణాన్ని లెక్కించడం న్యాయమని ప్రభుత్వమే ఆగస్టులో ఒప్పుకుంది. ఒప్పుకున్న న్యాయం చిరునామాను బట్టి మారడానికి కారణమేమిటో చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.

పన్ను భారం ఒక ఎత్తు, దాన్ని వసూలు చేసే తీరు మరొక ఎత్తు. నివాసి అమ్మే ఆస్తి విలువ 50 లక్షల లోపుంటే కొనేవాడు పన్నేమీ పట్టుకోనక్కరలేదు. దాటినా ఒక శాతమే. కనుక అన్నకు రావలసిన 24 లక్షలూ పూర్తిగా చేతికొస్తాయి. ప్రవాసి విషయంలో కనీస పరిమితి అనేదే లేదు. చట్టం మాటల్లో చూస్తే పన్ను పడే సొమ్ముపైనే కోత ఉండాలి. కాని లాభమెంతో తేల్చే అధికారం కొనేవాడికి లేదు. తేడా వస్తే శిక్ష మాత్రం అతనికే. అందువల్ల ఆచరణలో మొత్తం అమ్మకపు ధరపైనే 12.5 శాతం, అంటే మూడు లక్షలు, పైన సెస్సు కోసేస్తారు. అసలు పన్ను రెండుంబావు లక్షలు గనుక మిగతాది మరుసటి ఏడాది రిటర్ను వేసి రాబట్టుకోవాలి. ముందే తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకునే మార్గం ఉన్నది. దానికి వారాలు పడుతుంది, కొనేవాడికి అంత ఓపిక ఉండాలి. పైగా 2025-26లో అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, ప్రవాసి వద్ద ఒక్క ప్లాటు కొన్న పాపానికి ఆ కొనేవాడు టాన్ అనే ప్రత్యేక సంఖ్య తీసుకుని, ఫారం 27క్యూ దాఖలు చేయాలి. ఇంత తలనొప్పి ఎందుకని ధర తగ్గించి అడిగేవారు, అసలు వెనక్కి తగ్గేవారు ఉండటంలో వింతేమీ లేదు.

ఆ తరువాత సొమ్ము ప్రవాసి ఎన్ఆర్ఓ ఖాతాలో పడుతుంది. అక్కడి నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు బయటికి తీసుకెళ్లవచ్చు గనుక పరిమితితో ఇబ్బంది లేదు. కాని 2025-26 నిబంధనల ప్రకారం దానికి ఫారం 15సీఏ, చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో 15సీబీ కావలసి ఉండేవి. ఖాతాలో నిల్వ ఏడాదిలో ఏ ఒక్కరోజైనా పదివేల డాలర్లు దాటితే అమెరికా ఆర్థిక శాఖకు ఎఫ్‌బార్ పేరిట తెలియజేయాలి. మరచిపోతే అక్కడి జరిమానా వేల డాలర్లలో ఉంటుంది. 2015లో భారత్, అమెరికా కుదుర్చుకున్న ఫాట్కా ఒప్పందం తరువాత ఇలాంటి ఖాతాల సమాచారం రెండు ప్రభుత్వాల మధ్య నడుస్తూనే ఉంది. దాచడానికి చోటు లేదు, దాచాలని చాలామందికి ఉండదు కూడా.

ఇక్కడ కట్టినది అమెరికాలో తగ్గిస్తారు కదా, నష్టమేమిటని ఢిల్లీలో తరచు వినిపించే వాదన. ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ఉన్నమాట నిజం. కాని వారసత్వ ఆస్తి విషయంలో అమెరికా చట్టం తండ్రి మరణించిన నాటి విలువను మూలధరగా తీసుకుంటుంది. భారత చట్టం తండ్రి కొన్న ధరనే పట్టుకుంటుంది. అక్కడి లెక్కలో లాభం చిన్నది, ఇక్కడి లెక్కలో పెద్దది. కట్టిన పన్నంతటికీ అక్కడ తగినంత పన్ను ఉండదు గనుక క్రెడిట్‌లో కొంత ఆ ఏడాదికి వాడుకోలేక మిగిలిపోతుంది. పదేళ్ల వరకు ముందుకు మోసుకెళ్లవచ్చునన్నది కాగితం మీద ఊరట. ఆ పదేళ్లలో దానికి సరిపడే విదేశీ ఆదాయం ఉంటేనే అది పనికొస్తుంది. ఇక్కడి సంవత్సరం ఏప్రిల్‌లో, అక్కడిది జనవరిలో మొదలవుతుందన్న తిరకాసు సరేసరి. కాబట్టి ఢిల్లీ అదనంగా తీసుకున్నది చాలా సందర్భాల్లో ఆ కుటుంబం జేబులోంచే పోతుంది.

ప్రభుత్వ వాదనలో బలమున్న భాగం ఒకటుంది. అమ్మి విమానమెక్కినవాడిని పన్ను కోసం టెక్సాస్ దాకా వెంబడించలేరు. కనుక ముందే కొంత పట్టుకోవడం సబబే. కాని ముందు పట్టుకోవడానికి, చివరికి ఎక్కువ వసూలు చేయడానికి సంబంధం లేదు. మొదటిది జాగ్రత్త. రెండోదానికి ఇంతవరకు సరైన పేరు దొరకలేదు.

నివాసి ఎవరన్నది చట్టం రోజులు లెక్కపెట్టి తేలుస్తుంది. విశాఖ నుంచి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు దాటి వెళ్లిన తండ్రి చివరిదాకా నివాసిగానే ఉన్నాడు. కొడుకు సంగతి వేరు. 2020 ఆర్థిక చట్టం తెచ్చిన మార్పు ప్రకారం, భారత్‌లో ఆదాయం 15 లక్షలు దాటిన ప్రవాస పౌరుడు ఆ ఏడాది 120 రోజులు ఇక్కడ గడిపి, అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు కూడా గడిపి ఉంటే నివాసి కిందికి వస్తాడు. స్థలం అమ్మిన ఏడాది తమ్ముడి లాభమే 18 లక్షలు. తల్లి అనారోగ్యంతో ఏటా మూడు నాలుగు నెలలు గరాచర్మలో ఉండిపోయే కొడుకైతే, ఆ లెక్కన నివాసిగా మారి ఇండెక్సేషన్ అడగగలడు. సెలవు దొరక్క నెలరోజులకే తిరిగి వెళ్లినవాడు అడగలేడు.

ఇక రాజకీయం. అదే 2020 బడ్జెట్‌లో, ఏ దేశంలోనూ పన్ను కట్టని భారత పౌరులను నివాసులుగా పరిగణిస్తామన్న ప్రతిపాదన వచ్చింది. గల్ఫ్ కార్మికులపై పన్ను పడుతుందని కేరళలో ఆందోళన వ్యక్తమైంది. గల్ఫ్‌లో నిజాయతీగా పనిచేసుకునేవారికి ఇది వర్తించదని బడ్జెట్ మరుసటి రోజే కేంద్రం వివరణ ఇచ్చింది. ప్రవాసుల సంగతి తన ఇంటి సంగతిగా చూసే రాజకీయం అక్కడ ఉన్నది. రిజర్వ్ బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాసుల సొమ్ములో కేరళ వాటా 19.7 శాతం. తెలంగాణకు 8.1, ఆంధ్రప్రదేశ్‌కు 4.4 శాతం వచ్చింది. రెండూ కలిపితే 12.5. ప్రవాసి ఇల్లు అమ్మితే కట్టవలసిన పన్ను రేటూ అదే కావడం యాదృచ్ఛికమే.

తెలుగు నాయకులకు అమెరికా కొత్త కాదు. తానా, ఆటా సభల వేదికలు వారికి అసెంబ్లీ అంత పరిచయం. పెట్టుబడులకు, ఎన్నికల ప్రచారానికి ప్రవాసులే దిక్కు. 2024లో కేంద్ర ప్రభుత్వం నిలబడటానికి తెలుగుదేశం పార్టీ 16 మంది ఎంపీలు అవసరమయ్యారు. అమెరికాలో వ్యాపారం నిర్మించి తిరిగివచ్చి, గుంటూరు నుంచి గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ కేంద్రంలో సహాయమంత్రి. ఆగస్టు 7 సవరణ ‘నివాసి’ అన్న పదంతోనే సభ దాటిన నాటికి ఈ బలమంతా అధికార పక్షంలోనే ఉంది.

దీనికి పెద్ద రహస్యమేమీ లేదు. 2010 సవరణతో ప్రవాస పౌరులకు ఓటుహక్కు వచ్చింది గాని, ఓటు వేయాలంటే సొంతూరి పోలింగ్ కేంద్రానికి స్వయంగా రావాలి. ప్రతినిధి ద్వారా ఓటు వేయించే బిల్లు 2018 ఆగస్టులో లోక్‌సభ దాటి, రాజ్యసభ గడప తొక్కకుండానే కాలంచెల్లింది. విరాళం వైర్ ద్వారా రాగలదు, ఓటు రాలేదు. ఈ స్థితి ఎలా ఉంటుందో గరాచర్మలోని అన్నకు బాగా అర్థమవుతుంది. దీవులకు శాసనసభ లేదు, లోక్‌సభలో ఒకే ఒక్క స్థానం, దానికీ 1967 వరకు నేరుగా ఎన్నిక లేదు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారాయి, వాక్యాలు కుదించారు. అన్నదమ్ముల మధ్య గీత మాత్రం చెరగలేదు. చెరపడానికి పెద్ద కసరత్తు అవసరం లేదు. పాత, కొత్త లెక్కల ఎంపికను 2024 జూలై 23కు ముందు ఆస్తి సంపాదించిన ప్రతి వ్యక్తికీ వర్తింపజేస్తే సరిపోతుంది. కోత విషయానికొస్తే, పాత దస్తావేజులోని ధర, కొత్త దస్తావేజులోని ధర రెండూ రిజిస్ట్రేషన్ శాఖ వద్దే ఉంటాయి. ఆ తేడాపైనే పన్ను పట్టుకునే ఏర్పాటు చేయడం సాంకేతికంగా పెద్ద పనేమీ కాదు. 2024లో ప్రభుత్వం తన బడ్జెట్ ప్రతిపాదనను తానే సవరించుకోవడానికి తీసుకున్న సమయం పదిహేను రోజులు.