పెళ్ళికి లక్ష సరే, ఊయల మాటేమిటి?

తెలంగాణలో ప్రభుత్వం ముస్లిం కుటుంబాన్ని పేరు పెట్టి పలకరించే సందర్భాలు ప్రధానంగా రెండు. బిడ్డ అయిదో తరగతికి వచ్చినప్పుడు మైనారిటీ గురుకులం తలుపు తెరుచుకుంటుంది. ఆడపిల్లకు పద్దెనిమిదేళ్లు నిండి నికాహ్ కుదిరినప్పుడు షాదీ ముబారక్ కింద 1,00,116 రూపాయల చెక్కు వస్తుంది. ఈ రెండింటికీ ముందు, తల్లి కడుపున పడిన నాటి నుంచి ఆరేళ్లు నిండే దాకా, ఆ బిడ్డకు ప్రభుత్వం ఏ మేరకు అండగా నిలుస్తున్నది? జహీరాబాద్ మొహల్లాల తరఫున మేము అడుగుతున్న ప్రశ్న ఇదే.

గురుకులాలను గానీ, షాదీ ముబారక్‌ను గానీ చిన్నచూపు చూడడం మా ఉద్దేశం కాదు. 2014 అక్టోబర్ 2న 51 వేల రూపాయలతో మొదలైన షాదీ ముబారక్ 2018 నాటికి లక్ష దాటింది. ఎందరో తల్లిదండ్రులను వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా కాపాడింది. 204 మైనారిటీ గురుకులాలు వేలాది పిల్లలకు అన్నం పెట్టి చదువు చెబుతున్నాయి. అయితే గురుకులానికి వచ్చే పదేళ్ల పిల్లవాడి ఎత్తు, బరువు, మాట నేర్పు, ఏకాగ్రత చాలా వరకు అంతకు ముందే నిర్ణయమై ఉంటాయి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని 2020 నాటి జాతీయ విద్యావిధానమే చెబుతున్నది. పునాది వేసే వేళ కనబడని ప్రభుత్వం పైకప్పు వేసే వేళ వచ్చి లెక్కలు చెప్పుకుంటే సరిపోదు.

అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. 31.8 శాతం మంది వయసుకు తగిన బరువు లేరు. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇవి ఒక మతానికో, ఒక కులానికో చెందిన అంకెలు కావు, రాష్ట్రంలోని పిల్లలందరివీ. ఆకలికి మతం లేదు. కానీ ఆ ఆకలిని తీర్చే అంగన్‌వాడీ కేంద్రం ఏ వీధిలో పెట్టారు, ఏ వీధిని వదిలేశారు అన్న చోట వివక్షకు అవకాశం ఉంది. మా అభ్యంతరమంతా అక్కడే.

సాయం ఎప్పుడు మొదలు కావాలన్న ప్రశ్న ఇస్లామీయ చరిత్రకు కొత్తది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలంలో బైతుల్ మాల్ నుంచి పిల్లలకు భత్యం ఉండేది. అయితే అది పాలు మాన్పించిన తరువాతే అందేది. ఒక రాత్రి మదీనాలో విడిది చేసిన వ్యాపారుల బిడారానికి ఆయన కాపలా కాస్తుండగా ఒక పసిబిడ్డ ఏడుపు ఆగకుండా వినిపించింది. తల్లిని అడిగితే ఆమె ఆయనెవరో తెలియకనే జవాబిచ్చింది: పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తున్నాడు గనుక బిడ్డకు ముందుగానే పాలు మాన్పిస్తున్నానని. ఆనాటి ఫజ్ర్ నమాజులో ఆయన కన్నీరు ఆగలేదని చరిత్రకారులు రాశారు. పాలు మాన్పించడానికి తొందరపడవద్దని, పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ రోజు నుంచే భత్యం ఉంటుందని ఆయన చాటింపు వేయించారు. తన విధానంలోని వయసు నిబంధన ఒక పసిబిడ్డ నోటి దగ్గరి పాలను లాగేస్తున్నదని గ్రహించడానికి ఆ పాలకుడికి ఒక్క రాత్రి చాలింది. మన పాలకులకు ఎన్ని సంవత్సరాలు కావాలి?

చట్టం లేదని ఎవరూ తప్పించుకోలేరు. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబర్ 2న మొదలైంది. 86వ సవరణ తరువాత రాజ్యాంగం 45వ అధికరణ ఆరేళ్లలోపు పిల్లలందరికీ సంరక్షణ, విద్య అందించేందుకు కృషి చేయాలని రాజ్యానికి నిర్దేశిస్తున్నది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు ప్రతి బిడ్డకూ స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారాన్ని హక్కుగా ప్రకటించింది. ఇక 2006 సంవత్సరాన్ని ప్రత్యేకంగా గుర్తుచేయాలి. ఆ ఏడాది జూన్‌లో ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమం వచ్చింది. మైనారిటీలు గణనీయంగా నివసించే ప్రాంతాలకు అంగన్‌వాడీ సేవలను న్యాయమైన వాటాలో అందించడం అందులో మొట్టమొదటి సూత్రం. ఉద్యోగాలు, రుణాలు అన్నీ దాని తరువాతే. నవంబర్‌లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. ముస్లింలు అధికంగా ఉన్న చిన్న గ్రామాల్లో దాదాపు మూడో వంతుకు విద్యాసంస్థ అన్నదే లేదని అది బయటపెట్టింది. డిసెంబర్ 13న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో చరిత్రాత్మక ఆదేశం ఇచ్చింది: ఏ గ్రామీణ నివాసంలోనైనా, ఏ మురికివాడలోనైనా ఆరేళ్లలోపు పిల్లలు నలభై మంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే, ప్రజలు కోరిన నాటి నుంచి మూడు నెలల్లోగా కేంద్రం తెరవాలి.

ఆ 2006లో మన మొహల్లాలో పుట్టిన ఆడపిల్లకు 2024లో పద్దెనిమిదేళ్లు నిండాయి. ఆమె ఇప్పుడు షాదీ ముబారక్‌కు అర్హురాలు. రేపు ఆమె ఒడిలో బిడ్డ ఉంటుంది. ఆమె పసితనంలో అమలు కావలసిన మొదటి సూత్రం ఆమె బిడ్డ పసితనంలోనైనా అమలవుతుందా? ఒక తరం గడిచింది. రెండో తరాన్ని కూడా కాగితాల మీదనే పెంచుతారా?

జహీరాబాద్ సంగతికి వద్దాం. 65వ నంబరు జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఈ పట్టణంలో ముస్లింలు ముఖ్యమైన జనభాగం. దక్కనీ ఉర్దూ, తెలుగు, కన్నడం, మరాఠీ కలిసి వినిపించే ఊరు ఇది. 2011 జనగణన నాటికే పట్టణ జనాభా 70 వేలు దాటింది. కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం ప్రతి 800 మంది జనాభాకు ఒక అంగన్‌వాడీ ఉండాలి. ఆ పాత లెక్కతోనే పట్టణానికి కనీసం 87 కేంద్రాలు రావాలి. ఆ తరువాత ఊరు పెరిగింది, కొత్త బస్తీలు వెలిశాయి. ఈనాడు పట్టణంలో పనిచేస్తున్న కేంద్రాలెన్ని, అవి ఏయే వార్డుల్లో ఉన్నాయి, ఒక్కో కేంద్రంలో ఎందరు పిల్లలు నమోదయ్యారు? ఈ వివరాలను మున్సిపల్ కార్యాలయం ముందు బోర్డు మీద రాసి పెట్టమని మేము కోరుతున్నాం. 2021 నుంచి పోషణ్ ట్రాకర్‌లో ప్రతి లబ్ధిదారు పేరూ ఫోన్‌లోనే నమోదవుతున్నది గనుక, లెక్క తీయడం కష్టమనే సాకు చెల్లదు.

‘కేంద్రాలున్నాయి, మీ ఆడవాళ్లే రారు’ అన్నది తరచుగా వినిపించే జవాబు. ఈ మాటను సూటిగానే ఎదుర్కోవాలి. 2015 జనవరి 1న మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం గర్భిణులకు, బాలింతలకు ప్రతిరోజూ ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నది. మంచి పథకం. కానీ ఆ భోజనాన్ని కేంద్రానికి వచ్చి, అక్కడే కూర్చుని తినాలన్నది నియమం. ఏడో నెల గర్భిణి ఎండలో రెండు మూడు బస్తీలు దాటి, ట్రాఫిక్ రోడ్డు దాటి రోజూ నడిచి రాగలదా? రాలేని దూరంలో కేంద్రం పెట్టి, రాలేదని ఆమె మతాన్నీ పర్దానూ నిందించడం న్యాయమా? అదే ఆడవాళ్లు రేషన్ దుకాణం ముందు గంటల తరబడి నిలబడుతున్నారు, ఆసుపత్రి ఓపీ వరుసలో నిలబడుతున్నారు. చేరువలో ఉండి, మర్యాదగా పలకరించే చోటికి ఏ తల్లీ రాకుండా ఉండదు.

రెండో అడ్డంకి భాష. ఇంట్లో ఉర్దూ తప్ప వినని మూడేళ్ల బిడ్డను తెలుగు పాటల మధ్య కూర్చోబెడితే మొదటి వారం ఏడుస్తుంది, రెండో వారం మానేస్తుంది. తెలుగు నేర్వకూడదని మేము అనడం లేదు. తెలుగులోనే ఈ పత్రిక నడుపుతున్న మాకు ఆ భాష పరాయిది కాదు. కానీ పసిబిడ్డకు మొదటి మెట్టు అమ్మ భాష. రాజ్యాంగం 350ఏ అధికరణ ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించమంటున్నది. 2017లో రాష్ట్ర శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా గుర్తించింది. ఆ గుర్తింపు కార్యాలయాల బోర్డుల మీద పేరు రాయడంతో ముగిసిపోవాలా, లేక అంగన్‌వాడీలోని బొమ్మల పుస్తకం దాకా రావాలా? టీచర్, ఆయా స్థానిక నివాసులై ఉండాలన్న నియమం ఎలాగూ ఉంది. ఉర్దూ మొహల్లాల్లో ఆ నియమాన్ని నిజాయితీగా పాటిస్తే చాలు, మన ఆడబిడ్డలకు ఉపాధి కూడా దొరుకుతుంది.

పసిపిల్లల సేవలకు మతం రంగు పూస్తున్నారని కొందరు అంటారు. దళిత వాడల్లో, గిరిజన తండాల్లో కేంద్రాలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పినప్పుడు అది కులం రంగు పూయడమా? వెనుకబడిన చోటును గుర్తించి అక్కడికి ముందుగా వెళ్లడమే సమానత్వం. మా మొహల్లాలో తెరిచిన కేంద్రానికి పక్క వీధి దళిత బిడ్డ, వలస కూలీ బిడ్డ కూడా రావాలి. వారంతా ఒకే పళ్లెం ముందు కూర్చోవాలనే మేము కోరుకుంటున్నాం.

ఇక పనికి వెళ్లే తల్లుల గోడు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ యాభై మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థల్లో క్రెచ్ తప్పనిసరి చేసింది. కానీ ఇళ్లలో పాచిపని చేసే ఆమెకు, కుట్టుమిషన్ మీద కూలికి బట్టలు కుట్టే ఆమెకు, చెరకు, అల్లం పొలాల్లో కూలికి పోయే ఆమెకు యజమాని ఎవరు? ఆమె బిడ్డను చూసుకునేది ఎనిమిదేళ్ల అక్క. ఆ అక్క బడి మానేస్తుంది. మన ఆడపిల్లల చదువు ఎందుకు ఆగిపోతున్నదని సదస్సులు పెట్టేవారు ఈ ఒక్క సంగతిని గమనించాలి: చంకన తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్ల చేత్తో పలక పట్టలేదు.

దీనికి దారి లేకపోలేదు. కేంద్రం 2022లో మిషన్ శక్తి కింద ‘పాల్నా’ పథకాన్ని తెచ్చింది. అంగన్‌వాడీలకే క్రెచ్‌ను జతచేసే అవకాశం అందులో ఉంది. సరిహద్దు అవతలి కర్ణాటక ప్రభుత్వం ఉపాధి హామీ కూలీల పిల్లల కోసం 4,000 గ్రామ పంచాయతీల్లో ‘కూసిన మనె’ పేరుతో శిశు కేంద్రాలు తెరవాలని 2023-24లో నిర్ణయించింది. అంత దూరం కూడా అక్కర్లేదు. మన పక్కనే పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు పొలం పనికి వెళ్లే తల్లుల బిడ్డల కోసం బాల్వాడీలు నడిపి, జొన్న, కొర్ర తిండితో పిల్లలను సాకాయి. పేద కూలి మహిళలు చేసి చూపిన పనిని ప్రభుత్వం చేయలేనంటే నమ్మేదెవరు?

ఈ పోరాటంలో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు మనకు ఎదుటి పక్షం కారు. 2023 సెప్టెంబర్‌లో కనీస వేతనం, గ్రాట్యుటీ కోసం వారు రాష్ట్రవ్యాప్తంగా సమ్మెకు దిగారు. గ్రాట్యుటీకి వారు అర్హులని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పింది. అరకొర జీతంతో సర్వేలు, ఎన్నికల పనులు, యాప్ నమోదులు మోసే స్త్రీని, పిల్లలకు ఎందుకు పాటలు నేర్పలేదని నిలదీయడం అన్యాయం. ఆమె హక్కూ మన బిడ్డ హక్కూ ఒకే తాడుకు ముడిపడి ఉన్నాయి.

అందుచేత మా డిమాండ్లు ఇవి. జహీరాబాద్ పట్టణంలోనూ, కోహీర్, న్యాల్‌కల్, ఝరాసంగం, మొగుడంపల్లి మండలాల్లోనూ అంగన్‌వాడీల వార్డు వారీ, గ్రామం వారీ జాబితాను ప్రకటించాలి. 800 జనాభాకు ఒక కేంద్రం అన్న నిబంధన ప్రకారం లోటును భర్తీ చేయాలి. 15 సూత్రాల కార్యక్రమం మొదటి సూత్రం కింద జిల్లాలో ఏమి జరిగిందో కలెక్టర్ లిఖితపూర్వకంగా తెలపాలి. ఉర్దూ మాట్లాడే మొహల్లాల్లో ఉర్దూ తెలిసిన టీచర్‌ను, ఉర్దూ బొమ్మల పుస్తకాలను ఇవ్వాలి. కనీసం ప్రతి పెద్ద బస్తీలో ఒక అంగన్‌వాడీకి క్రెచ్‌ను జతచేయాలి. ఏడో నెల దాటిన గర్భిణికి భోజనాన్ని ఇంటికే పంపాలి.

మొహల్లా కమిటీలకు, మస్జిద్ కమిటీలకు, యువకులకు మా విన్నపం కూడా ఉంది. అద్దెకు గది దొరకలేదన్న కారణంతో కేంద్రం ఆగిపోకుండా, నమాజు వేళలకు ఇబ్బంది లేని చోట ఒక గదినో, షాదీఖానాలో ఒక మూలనో ఇవ్వండి. అంతకంటే ముందు, వచ్చే జుమా నమాజు తరువాత ఒక నోటుపుస్తకం తీసుకుని మీ గల్లీ తిరగండి. ఆరేళ్లలోపు పిల్లల పేరు, వయసు, తల్లి పేరు రాయండి. నలభై పేర్లు పూర్తయిన రోజున ఆ జాబితాను 2006 డిసెంబర్ 13 నాటి సుప్రీంకోర్టు ఆదేశాన్ని ఉటంకించే దరఖాస్తుతో సీడీపీవో కార్యాలయంలో ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. మూడు నెలల గడువు ఆ రోజు నుంచే మొదలవుతుంది. గడువు తీరితే ఆ రసీదు నకలును మాకు పంపండి. కలెక్టర్ కార్యాలయానికి మేమూ మీతో పాటు నడుస్తాం.