మంచం మీద ఒకరు, మంచం పక్కన ఒకరు



ఎప్పుడూ ఎరువుల గురించో, ధరల గురించో రాస్తుంటాను. ఈసారి ఇంట్లో జరిగే ఒక చాకిరీ గురించి రాస్తున్నా. కాస్త ఓపిగ్గా చదవండి.

పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషి మన ఊళ్ళలో ఏదో ఒక వీధిలో ఉంటూనే ఉన్నాడు. ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి చూసుకునేది భార్యో, కోడలో, కూతురో. ఇంటి దగ్గర ఉంటే మంచిదే, కాదనను. తెలిసిన గొంతులు, తన ఇంటి ముద్ద, గడపలోంచి కనపడే గొడ్లు. మందుబిళ్ళ ఇవ్వలేని ధైర్యం అవి ఇస్తాయి.

కానీ దీనికీ ఒక పద్ధతి ఉంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే నడుం కింద, తుంటి మీద, మడమల మీద పుండ్లు పడతాయి. పడుకోబెట్టి తినిపిస్తే మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి నెమ్ము చేస్తుంది. పడిపోయిన చెయ్యి పట్టి లేపితే భుజం జారుతుంది. కీళ్ళు రోజూ ఆడించకపోతే బిగుసుకుపోతాయి. మొదటి మూడు నెలల్లో వ్యాయామం బాగా చేయిస్తే ఎక్కువ కోలుకుంటారు. ఇవన్నీ ఇంటికి పంపేరోజే చూపించమని మనమే అడగాలి. కాగితం మీద రాసిస్తే చాలదు, చేయించి చూపించాలి.

ఇప్పుడు మంచం పక్కనున్న మనిషి సంగతి. రాత్రి కరెంటు ఇస్తే మోటరు దగ్గరికి పోయొచ్చినోణ్ణి పొద్దున్నే ఎవరూ లేపం, "పడుకోనీండి, రాత్రంతా నిద్ర లేదు" అంటాం. రాత్రంతా రెండు గంటలకోసారి లేచి మనిషిని తిప్పిన ఆడమనిషిని మాత్రం తెల్లారేసరికి పాలు పితకమంటాం. మనకి ఆ కరెంటు వారం మారితే మారుద్ది. ఆమెకి మారే వారమే లేదు. ఏడాది, రెండేళ్ళు, ఐదేళ్ళు అలా గడిస్తే నడుం పోతుంది, నిద్ర పోతుంది. తన బీపీ బిళ్ళ తనే మర్చిపోతుంది. విసుక్కుంటే "మొగుణ్ణి చూసుకోడానికి కూడా బాధేనా" అని నలుగురూ నాలుగు మాటలంటారు. ఆమె పడిపోతే ఆ ఇంట్లో ఇద్దరు రోగులు.

"మా అమ్మ చెయ్యలేదా, మా నాయనమ్మ చెయ్యలేదా" అంటారు కొందరు. చేశారు. అప్పుడు ఇంటినిండా మనుషులు. ఇప్పుడు పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటే, ఇంట్లో మిగిలింది ఇద్దరు ముసలాళ్ళే.

డబ్బు సంగతీ చెప్పుకోవాలి. మన ఆంధ్రాలో పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళ పింఛను 2024లో నెలకు 15 వేలు చేశారు. మంచి పని. అయితే అది రోగి పేరు మీద వచ్చేది. ఆయన్ని చూసుకోడానికి కూలి మానేసిన మనిషి ఏ లెక్కలోనూ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో సంరక్షకుల భత్యం అనే మాట ఉంది. కేరళలో 'ఆశ్వాసకిరణం' పేరుతో మంచాన ఉన్నవాళ్ళని చూసుకునేవాళ్ళకి నెలకు 600 పెట్టారు. తక్కువే, కానీ ఆమె చేసేది పనేనని ఒప్పుకున్నారు. అదే కేరళలో ఊరివాళ్ళే వాలంటీర్లుగా నేర్చుకుని, నర్సులతో కలిసి ఇళ్ళకు తిరుగుతారు. మన గ్రామసభలో రోడ్లు, కాలవలతో పాటు దీన్నీ అడగాలి.

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కర్లేదు. నాట్లకి ఒకరి చేలోకి ఒకరం బదులుకు పోతాం. నీళ్ళకి వంతులేసుకుంటాం. మంచం దగ్గర మాత్రం వంతు ఎందుకు లేదు? వారానికి ఒక రాత్రి కొడుకో, తమ్ముడో, పక్కింటాయనో కూర్చుంటే ఆమె తెల్లారిందాకా నిద్రపోతుంది. మగాళ్ళకి చేతకాదని తప్పుకోకండి. వంద కిలోల బస్తా ఎత్తినోళ్ళం, మనిషిని పక్కకి తిప్పడం నేర్చుకోలేమా?

మీ వీధిలో అలాంటి ఇల్లుంటే ఈసారి పోయినప్పుడు "ఆయనకెలా ఉంది" అని అడిగి ఊరుకోకండి. "నువ్వెలా ఉన్నావమ్మా, రాత్రి నిద్ర పడుతోందా" అని కూడా అడగండి. ఆ రాత్రి వంతు మీదేనని చెప్పి రండి.