ఫిడేలు బిరడలు – శ్రుతి సంరక్షణము

మన యిండ్లలో ఆడపిల్లకు ఎనిమిదవ యేడు రాగానే సంగీతము చెప్పించుట వాడుక. విజయదశమినాడు సరళీస్వరము లారంభించుటయు, పిల్ల రెండు గీతములు నేర్వగానే చుట్టముల యెదుట వాయింపించుటయు మన మెరిగినవే. కాని వాద్యమును శ్రుతిలో నుంచుట యెవరి పనియని యడిగినచో ఇంటింట నొకటే సమాధానము వచ్చును: “మాస్టారు వచ్చి చూచుకొందురు.” మాస్టారు వారమునకు రెండు దినములు వత్తురు. తక్కిన అయిదు దినములు పిల్ల యేమి వినుచున్నది? ఈ ప్రశ్న నాకు చాలకాలము తోచలేదు. తోచకపోవుటచే నావలన జరిగిన యపరాధమును చెప్పుకొనుటకే ఈ నెల కలము పట్టితిని.

మా పెద్దమ్మాయికి తొమ్మిదవయేట మా అత్తగారి ఫిడేలు నిచ్చితిమి. అది పెట్టెలో నెన్నియేండ్లో నిద్రించిన వాద్యము. మాస్టారు కొత్త తంతులు వేసిరి. వేసవి వరకు పాఠము చక్కగా సాగినది. శ్రావణమాసమున ముసురు పట్టగానే మధ్యషడ్జమపు బిరడ కదలుట మానినది. పిల్ల చేత కాలేదు, నాచేతను కాలేదు. తలుపు బందు బిగిసిన నూనె వేయుట మన కలవాటు కదా! నేను బిరడ మొదట నాలుగు చుక్కలు కొబ్బరినూనె విడిచితిని. మరునాటికి బిరడ సులభముగా తిరిగినది. నా తెలివికి నేనే మురిసితిని.

అది మొదలు మా యింట అపస్వరము కాపురము పెట్టెను. పిల్ల శ్రుతి కలుపుకొని కూర్చుండును. పదినిమిషములలో షడ్జమము క్రిందికి జారును. నేను వంటయింటినుండి “నీకు చెవి లేదా యమ్మా?” అని కేకలు వేయుదును. పిల్ల మారుమాటాడదు. నవరాత్రులలో బొమ్మలకొలువు చూడవచ్చిన చుట్టముల యెదుట వాయింపు మంటిమి. వర్ణము నడుమనే తంతి జారినది. వారిలో పెద్దావిడ యొకరు, “ఈ పిల్లకు స్వరజ్ఞానము లేదే, కుట్టుపని నేర్పించరాదా?” అనిరి. నేను కాదనకపోవుటయే కాక, తలయూపితిని. ఆ రాత్రి పిల్ల ఫిడేలును పెట్టెలో నుంచి మూతవేసి, “అమ్మా, నే నిక వాయించను” అనెను.

మాఘమాసమున మా అమ్మ వచ్చినది. ఆమె వీణ వాయించును. మనుమరాలిని బ్రతిమాలి ఫిడేలు తీయించి, శ్రుతిపెట్టె పెట్టి, కన్నులు మూసికొని వినెను. పిమ్మట నన్ను పిలిచి, “వింటివా? పిల్ల వ్రేలు మోపిన స్వరములన్నియు శ్రుతిలోనే యున్నవి. వ్రేలు మోపని తంతి పలికినప్పుడే తప్పుచున్నది. తంతి జారినకొలది వ్రేలు పైకి జరుపుకొని స్వరము నందుకొనుచున్నది. చెవి లేని పిల్ల యిట్లు చేయగలదా?” అనెను. అని బిరడను ఊడదీసి, ముక్కుదగ్గర నుంచుకొని, “ఈ వైద్య మెవరిది?” అని యడిగెను. నేను తలవంచుకొంటిని.

మావారు బడిపంతులు. పిల్లవాడు పాఠము చదువలేనిచో, మందబుద్ధి యనుటకు ముందు వానికి బల్లమీది అక్షరములు కనబడుచున్నవో లేవో చూడవలయునని వారందురు. ఆ మాట పలుమారులు విని మెచ్చుకొనియు, నా బిడ్డ విషయమున మరచితిని. ఆనాటినుండి అమ్మవద్దను, వాద్యములు బాగుచేయు నొక నిపుణునివద్దను నేర్చుకొన్నది మీకు విన్నవింతును.

బిరడ మేకు వలె నిలుచునది కాదు, కీలు వలె తిరుగునది మాత్రమును కాదు; రెండును కావలయును. అందుకే దానిని మొదట లావుగను కొనకు సన్నముగను చెక్కుదురు. ఫిడేలు బిరడకు 30 పాళ్ళ పొడవున ఒక పాలు వ్యాసము తగ్గును. గూటి రెండు గోడలలోని రంధ్రములును అట్లే వాలుగా నుండును. ఒరపిడి తప్ప దానిని పట్టియుంచున దింకొకటి లేదు. కాబట్టి బిరడను ఊరక త్రిప్పరాదు. త్రిప్పుచు లోనికి నొక్కవలయును. మా పిల్లకు త్రిప్పుట తెలియును గాని నొక్కుట యెవరును చెప్పలేదు. నూనె ఆ ఒరపిడినే హరించినది. తలుపు బందు తిరుగుటకే పుట్టినది. బిరడ నిలుచుటకు గూడ పుట్టినది. ఈ భేదము నాకు తెలియలేదు.

ఇక వానలో బిగియుటకును ఎండలో జారుటకును కారణము వినుడు. కఱ్ఱ తేమను పీల్చిన నుబ్బును, ఎండిన కుదియును. అయితే పొడవున నుబ్బుట మిక్కిలి తక్కువ, అడ్డముగానే యుబ్బును. బిరడ నల్లచేవ వంటి గట్టికఱ్ఱ, గూడు వేరొక కఱ్ఱ. రెండును ఒకే తీరున ఉబ్బవు. గుండ్రని రంధ్రము కోలగా మారును, బిరడయు కోలగా మారును, రెండింటి కోలదనము వేరు దిక్కుల కుండును. అందుచే ముసురులో పట్టివేయును. ఎండకాలమునను, చల్లదనపు యంత్రము పెట్టిన గదిలోను వదలివేయును.

బిగిసిన బిరడను పట్టుకారుతో త్రిప్పరాదు. తల విరిగి చేతికి వచ్చును. వాద్యమును తేమలేని గదిలో ఒకపూట యుంచి, అవతలివైపునకు వచ్చిన సన్నకొనను బొటనవ్రేలితో నొక్కి వదులు చేయవలయును. ఊడిన బిరడను పొడిగుడ్డతో తుడిచి చూచినచో, గోడలు తాకిన చోట రెండు మెరుపు పట్టెలు కనబడును. బిగియునదైన ఆ పట్టెలమీద ఎండిన సబ్బుబిళ్ళను కొంచెము రుద్దుడు. జారునదైన బడిలో వాడు సుద్దను రుద్దుడు. ఒకటి యెక్కువైన రెండవదానితో సరిచేయవచ్చును. ఇందుకై దుకాణములలో అమ్ము ముద్దయు కలదు. నూనె వలదు, జిగురు వలదు. కమానుకు రాయు గుగ్గిలపు పొడియు వలదు. అది బిరడను పట్టి పట్టి కుదుపుచు త్రిప్పును.

తంతి చుట్టుటలోను మర్మము కలదు. చుట్లు ఒకదానిపై నొకటి పడక, వరుసగా బిరడ తలవైపు గోడ దరికి చేరవలయును. అప్పుడు తంతి లాగుడే బిరడను లోనికి నిలుపును. గోడకు గట్టిగా ఒత్తుకొన్నచో మరల బిగియును. మేరువుమీది గాడిలో పెన్సిలుముక్కు నొకసారి గీచినచో తంతి పట్టువేయక నునుపుగా జరుగును. తంతులు మార్చునపుడు ఒక్కొక్కటిగనే మార్చుడు. నాలుగును ఒకసారి విప్పినచో గుఱ్ఱము పడును. లోపల నిలిపిన చిన్న పుల్లయు పడవచ్చును. ఫ్రెంచివారును ఇటలీవారును ఆ పుల్లను తమ భాషలలో ‘ఆత్మ’ యని పిలుతురు. అది పడిన వాద్యము పలుకు చచ్చును. నిలుపుట మన పని కాదు, నిపుణుని పని.

బిరడను రవ్వంత త్రిప్పిన స్వర మేల యింత మారునని పిల్ల యడిగెను. షడ్జమమును పైషడ్జమము చేయవలెనన్న బిగింపు రెండింతలు చాలదు, నాలుగింతలు కావలయును. షడ్జమమునుండి చతుశ్శ్రుతి రిషభమునకు పోవుటకే నాలుగవవంతుకు మించి బిగింపు పెరుగును. తొందరపడి త్రిప్పినపుడు తంతి తెగుట ఇందుకే. ఉక్కుతంతి సాగుట తక్కువ గనుక దానికి బిరడ కదలిక మరింత సూక్ష్మముగా నుండవలయును. అందులకే గుఱ్ఱమునకు దిగువ, తంతులు కట్టిన పలకమీద చిన్న మరలు అమర్తురు. మన వీణకు లంగరు చేయు పనియే ఇది. మర అడుగంటువరకు బిగింపకుడు. క్రింది చేయి ఫిడేలు పొట్టను గీరును. లోపల పళ్ళచక్రములు గల బిరడలును ఇప్పుడు వచ్చినవి. తల పలుమారులు తిరిగినగాని ఇరుసు ఒక్కమారు తిరుగదు. వెల యెక్కువ, కాని చిన్నచేతులకు సుకరము.

శ్రుతి చేయు క్రమము: మన ఫిడేలుకు లావు తంతినుండి మంద్రషడ్జమము, మంద్రపంచమము, మధ్యషడ్జమము, మధ్యపంచమము. మొదట మధ్యషడ్జమమును తంబురతో గాని శ్రుతిపెట్టెతో గాని కలుపవలయును. బిరడను కొంచెము దించి, నొక్కుచు మెల్లగా పైకి తెచ్చి ఆపుడు. దించుచు ఆపిన శ్రుతి నిలువదు. తరువాత షడ్జమ పంచమములను ఒకే కమానుతో మెత్తగా మీటుడు. సరిపడనిచో రెండునాదముల నడుమ అలవంటి యొక ఊపు వినబడును. శ్రుతి దగ్గరపడినకొలది ఊపు నెమ్మదించి, కలిసినంతనే లేకపోవును. ఆ నిశ్చలత్వమును చెవికి రుచి చూపుటయే సంగీతవిద్యకు మొదటి పాఠమని నా తాత్పర్యము.

చేతిఫోనులో ముల్లు చూచి శ్రుతి చేయవచ్చును కదా యందురేమో. చేయవచ్చును, మాయింటను ఆ పరికరము కలదు. కాని ముల్లు చూచుట యలవడిన పిల్ల వినుట మానును. ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1893–1964) చూపు మందమైనవారు. 1919లో విజయనగరమున నెలకొల్పబడిన సంగీతకళాశాలలో ఫిడేలు ఆచార్యులై, 1936లో అధ్యక్షులైరి. వారికి దారి చూపినవి చెవియు వ్రేళ్ళును గాని కన్నులు కావు.

ఇది పరదేశపు వాద్యము, దీని మరమ్మతు మనకేల యనువారును కలరు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసులో ఐరోపా వాద్యకారునియొద్ద నేర్చి దీనిని మన సంగీతమునకు తెచ్చిరి. రెండువందల యేండ్లు మన గాత్రమును వెన్నంటి నడచిన వాద్య మింకను పరాయి దగునా? శ్రుతిచింతయు మనకు కొత్త కాదు. భరతముని శ్రుతులను నిరూపించుటకు రెండు వీణలను సమముగా శ్రుతిచేసి, ఒకదానిని కదలింపక, రెండవదానిని క్రమముగా దించుచు పోవు పద్ధతి చెప్పెను. తరువాతి శాస్త్రకారులు వానిని ధ్రువవీణ, చలవీణ యనిరి. ధ్రువవీణ బిరడ జారినచో ఆ శాస్త్రమంతయు నేమగును? నిలుచున దొకటి యున్నపుడే కదలుదానిని కొలువవచ్చును. నా బిడ్డకు నేను నిలుచు షడ్జమము నీయక, ఆమె తప్పులను మాత్రము కొలిచితిని.

నిపుణుడు మూడు బిరడలను తుడిచి సుద్దతో బాగుచేసెను. నాలుగవదాని రంధ్రము అరిగి కోలయైనందున దానిని సరిచేసి కొత్త బిరడ నమర్చెను. ఫిడేలును ఎండ తగులు కిటికీదగ్గరను, పొయ్యి గదిలోను, మూసిన కారులోను ఉంచరాదనియు, వేడికి అతుకుల జిగురు మెత్తబడుననియు చెప్పెను. వానాకాలమున పెట్టెలో తేమ పీల్చు చిన్న పొట్లములు వేయుచున్నాను.

ఫిడేలు ఇంటికి తెచ్చిననాడు నేను పిల్లను దగ్గర కూర్చుండబెట్టుకొని, “చెవి లేనిది నీకు కాదమ్మా, నాకు” అంటిని. అది వెంటనే పరుగెత్తి వాయించెనని వ్రాయను. రెండువారములు పెట్టె ముట్టలేదు. పిమ్మట నొకనాటి సాయంకాలము తానే తీసి, బిరడలు నొక్కుచు త్రిప్పుచు అరగంట శ్రుతి మాత్రమే చేసికొని, మరల లోపల పెట్టెను. మరునాడు సరళీస్వరములు వాయించెను. ఇప్పుడు పదునొకండవ యేడు; గొప్ప విద్వాంసురాలగునో కాదో యెరుగను, ఆ చింతయు లేదు.

సోదరీమణులారా! మీ యింట ఫిడేలుగాని వీణగాని యున్నచో, రేపే పిల్లను ప్రక్కన నుంచుకొని బిరడలను ఊడదీసి చూడుడు. తుడిచి, సుద్దయో సబ్బో రుద్ది, నొక్కుచు త్రిప్పుట చేయించుడు. గంటసేపటి పని. పిల్లకు స్వరజ్ఞానము లేదను మాట ఆ గంట గడచినగాని నోట రానీయకుడు. జారిన తంతిని మరల బిగింపవచ్చును. పిల్ల మనసు జారినచో దానికి బిరడ లేదు.

ప్రతిదినము సంజవేళ మా అమ్మాయి మధ్యషడ్జమము మీటి, “అమ్మా, కలిసినదా?” అని యడుగును. నేను తలయూపుదును. కలిసినది నాకంటె ముందే ఆమెకు తెలియును, అయినను అడుగును.