ముదిమియు మతిమఱపును

అత్తగారు పొయ్యిమీద పాలుంచి మఱచినను, మామగారు ఉదయమడిగిన మాటనే సాయంకాలము మరల నడిగినను, “వయసు మీఱినది గదా” యని ఊరకుందుము. లేదా మొండితనమని విసుగుకొందుము. సోదరీమణులారా, ఈ రెండును తగవు. మఱపునకు గల కారణములలో మాన్పదగినవి కొన్ని యున్నవి. వానిని మొదట గుర్తింపగలవారు దినమెల్ల వృద్ధులను కనిపెట్టియుండు గృహిణులే.

మెదడులోని నాడీకణముల నడుమ మిక్కిలి సన్నని యెడముండును. ఒక కణము వేఱొకదానికి వార్త నంపుటకు సాధారణముగా ఆ యెడములోనికి ఒక రసాయనద్రవ్యమును విడుచును. నాడు లిట్లు ద్రవ్యముల మూలమున పనిచేయునని ఆటో లోవీ యను శాస్త్రజ్ఞుడు 1921లో కప్పగుండెలపై పరీక్షలు చేసి చూపెను. 1936లో ఆయనకును హెన్రీ డేలునకును నోబెల్ బహుమానము లభించినది. నాటి ద్రవ్యమునకే అసిటైల్‌కోలిన్ అని పేరు. ఏకాగ్రతకును జ్ఞాపకమునకును ఇది ముఖ్యము. డోపమైన్ అను మఱియొక ద్రవ్యము కదలికకును ఉత్సాహమునకును ఆధారము.

వయసు ముదిరినకొలదియు డోపమైనును అందుకొను గ్రాహకములు క్రమముగా తగ్గును. ఆరోగ్యవంతులైన వృద్ధులకును ఆలోచన కొంత నెమ్మదించుటకు ఇదియొక కారణము. ఒకరి పేరు వెంటనే తోపక, కొంతసేపటికి తోచినచో భయపడ బనిలేదు. తెలిసిన వీథిలో దారి తప్పుట, నిత్యము చేయు వంట క్రమము తెలియకపోవుట మాత్రము వైద్యునకు చెప్పవలసిన సంగతులు.

మన యిండ్లలో తఱచుగా కానవచ్చు కారణము బి12 విటమిన్ కొఱత. ఇది కూరగాయలయందు సహజముగా దొరకదు; పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసములయందే యుండును. ముసలితనమున జీర్ణాశయపు ఆమ్లము తగ్గుటచే ఆహారములోని బి12 చక్కగా ఒంటికి పట్టదు. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ చిరకాలము వాడువారికిని ఈ కొఱత కలుగవచ్చును. అరికాళ్ల తిమ్మిరి, నడకలో తూలు, మఱపు దీని లక్షణములు. రక్తపరీక్షచే తెలియును; మాత్రలచేతనో సూదిమందుచేతనో చక్కబడును. ఆలస్యమైనచో నాడులకు కలిగిన హాని పూర్తిగా తీఱకపోవచ్చును.

ఇచ్చట నొక హెచ్చరిక. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో 1945 ప్రాంతమున ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. అది గొప్ప మందే. కాని బి12 లోపించినవారికి దాని నొక్కదానినే యిచ్చినచో రక్తహీనత తగ్గినట్లు కనబడును, నాడుల హాని మాత్రము లోలోపల సాగుచునే యుండును. కావున బలమునకని స్వయముగా కొని యీయరాదు.

రెండవ కారణము మన మందులపెట్టెలోనే యున్నది. జలుబునకును దురదకును వాడు క్లోర్‌ఫెనిరమిన్ వంటి నిద్రమత్తు మాత్రలు అసిటైల్‌కోలిన్ పనిని అడ్డగించును. పిల్లల కంతగా తెలియని ఈ దోషము వృద్ధులయందు నోరెండుట, మలబద్ధము, తికమకగా బయటపడును. ఇంటిలో వాడు మాత్రల నన్నిటిని ఒక సంచిలో వేసికొనిపోయి వైద్యునకు చూపుడు. ఒకటి రెండు దినములలోనే హఠాత్తుగా మతి తప్పినచో అది ముసలితనము కాదు. జ్వరకారకమైన అంటో, రక్తములో ఉప్పు తగ్గుటయో కావచ్చును. వెంటనే వైద్యశాలకు తీసికొనిపోవలయును.

2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన సంఘము మతిక్షయమునకు దోహదము చేయు కారణములు 14 పేర్కొన్నది. వాని నన్నిటిని తొలగింపగలిగినచో లోకమందలి మతిక్షయములో నూటికి సుమారు 45 వంతులు రాకుండ చేయుటయో, జాగుచేయుటయో సాధ్యపడవచ్చునని దాని యభిప్రాయము. చెవుడు, చూపులేమి, రక్తపుపోటు, మధుమేహము, వ్యాయామలేమి, ఒంటరితనము వానిలోనివి.

వీనిలో పెక్కులు నడివయసుననే మొదలగును. ఇంటిల్లిపాదికి వడ్డించి చివర మిగిలినది తినెడు మనము మన రక్తపుపోటును ఎన్నడు చూపించుకొంటిమి? పెద్దలను వైద్యునియొద్దకు తీసికొనిపోయిన నాడే మనమును చూపించుకొందము. ఇంటికి వచ్చిన పిమ్మట వారిని మూలగదిలో నుంచక, బియ్య మేరుచు నొక పాతకథ చెప్పుమని యడుగుదము.