లోకవార్తకు హాస్యపు వంత



లండను నుండి వెలువడు ‘ది బ్యూగుల్’ వంటి ప్రపంచ రాజకీయ వ్యంగ్య పాడ్‌కాస్టులను తెనాలి–రేపల్లె రైలులోను, బాపట్ల వసతిగృహములలోను మన యువకులు ఆలకించి నవ్వుకొనుచుండగా, యుద్ధములను, కరవులను గూర్చి నవ్వుట సంస్కారము కాదనియు, పరదేశపు రాజకీయములతో మనకు పనిలేదనియు ఆక్షేపించు పెద్దలు కలరు. వారియెడ గౌరవముతోనే ఆ రెండు మాటలును నిలువవని విన్నవించుచున్నాను.

పరదేశపు రాజకీయము మన గడప దాటి రానిదెన్నడు? 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిను మీదికి రష్యా దండెత్తినంతనే మన వంటయింటి పొద్దుతిరుగుడు నూనె ధర పెరిగినది. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచగా, నిజాంపట్నము, రేపల్లె ప్రాంతముల రొయ్యల రైతు, రేపు ఏ కౌంటుకు (కిలోకు తూగు రొయ్యల లెక్కకు) ఏ ధర పలుకునో యని చెరువుగట్టున దిగులుపడవలసివచ్చెను. తన బ్రదుకును శాసించు ఆ నిర్ణయముపై ఆ రైతునకు వోటు లేదు. అర్జీ పెట్టుకొనుటకు కచేరీయును లేదు. అట్టివానికి మిగిలిన స్వాతంత్ర్యము, ఆ నిర్ణయమునందలి అసంబద్ధతను గుర్తించి, దానిని చేసినవాడు దేవుడు కాడని నవ్వగలుగుటయే. ఈ పాడ్‌కాస్టుల ఆకర్షణకు మూలము ఇదియేయని నా దృఢవిశ్వాసము.

2007 అక్టోబరులో జాన్ ఆలివర్, ఆండీ జాల్ట్స్‌మన్ అను ఇరువురు ఆంగ్లేయ హాస్యకారులు, ఒకరు న్యూయార్కునను మరొకరు లండనునను ఉండి, ‘టైమ్స్’ పత్రిక ఆశ్రయమున ప్రారంభించిన ‘ది బ్యూగుల్’ కార్యక్రమము, ఆలివర్ వైదొలగిన పిమ్మట 2016లో మరల మొదలై, మన దేశపు అనువబ్ పాల్ మున్నగువారి గొంతులతో నేటికిని సాగుచున్నది. అందు వార్త ముందు, వ్యంగ్యము వెనుక. వార్త నెరుగనివానికి నవ్వు రాదు గనుక, నవ్వవలెనన్న కోరికయే తెలిసికొనవలెనన్న కోరికగా మారును.

ఈ పద్ధతి మనకు క్రొత్తయా? బుర్రకథలో తంబురా పట్టిన కథకుడు నడుమ నిలిచి కథ నడపుచుండగా, డక్కీలు వాయించు వంతలలో ఒకడు హాస్యమునకును, వేరొకడు రాజకీయమునకును నియుక్తులై, శ్రోతను ఒక చేత నవ్వించుచు వేరొక చేత మేల్కొలుపుచుండిరి. మన గుంటూరు సీమలోని పొన్నెకల్లులో జన్మించి, 1986లో పద్మశ్రీ నందిన షేక్ నాజర్, 1943 నాటి వంగదేశపు కరవును బుర్రకథగా చెప్పినప్పుడు, హాస్యపు వంత ప్రక్కనుండుట ఆ దుఃఖమునకు అపచారమని ఎవ్వరైన అనగలరా? నవ్వు ఆకలిగొన్నవానిపై కాక ఆకలికి కారకులైనవారిపై పడినంతకాలము అది కరుణకు తోబుట్టువే. ఆ కళను మదరాసు ప్రభుత్వమును, నిజాము ప్రభుత్వమును ఒకప్పుడు నిషేధించినవన్న సంగతి దాని శక్తికి చాలిన సాక్ష్యము.

అయితే ఒక కొరత నన్ను బాధించుచున్నది. ఆ ఆంగ్ల కార్యక్రమపు పరిహాసము పెక్కుసార్లు వారి పార్లమెంటు చుట్టును, వారి క్రికెట్టు చుట్టును తిరుగును; రొయ్యల చెరువు వారికి తట్టదు, తట్టవలెనని కోరుటయు న్యాయము కాదు. ‘రాజకీయ బేతాళ పంచవింశతి’ని ముళ్లపూడి వెంకటరమణ వ్రాసిన భాషలో, 1909లో తెనాలిలో పుట్టి కథలతోపాటు రాజకీయములపైనను సూటిగా కలము నడపిన కొడవటిగంటి కుటుంబరావు భాషలో, నేడు వ్యంగ్యమన్నచో స్థానిక నాయకులను వెక్కిరించుటతోనే చాలవరకు సరిపుచ్చుకొనుట నాకు మింగుడుపడదు.

కావున తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలల విద్యార్థులు మువ్వురేసి జట్టుకట్టి, కథకుడు, హాస్యము, రాజకీయము అను ఆ పాత కూర్పుతోనే, వారమునకొక ప్రపంచవార్తను తెలుగున చెప్పవలెనని నా కోరిక. ఫోనును మించిన పరికరము అక్కరలేదు. కాని వార్త తప్పినచో వ్యంగ్యము అపనింద యగును. మీ పత్రికలో అంతర్జాతీయ వార్తలు చూచు పాత్రికేయులు వారి వ్రాతలను ముందుగా సరిచూచి యిచ్చుటకు అంగీకరింతురేని, ఆ మాటను ఈ లేఖ క్రిందనే ప్రకటింప ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
తెనాలి పాఠకుడొకడు