మట్టిలో మాణిక్యం అనకండి

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు జిల్లా పేజీ తెరవాలంటే నాకు బెంగ. పల్లె పిల్ల ఫొటో, పక్కన కూలికి పోయే అమ్మ, పైన ప్రతి ఏడూ అదే శీర్షిక: మట్టిలో మాణిక్యం. ఈసారి మనవాళ్లే నాకు వాట్సాప్‌లో వరసపెట్టి పంపారు. ఆ పిల్లను చూస్తే నాకూ గర్వమే. పేచీ శీర్షికతోనే. మట్టి ఎవరు? ఆ పిల్లను కన్న తల్లా? ఆ పిల్లతో కలిసి తొక్కుడుబిళ్ల ఆడిన మిగతా పదిహేను మందా? పదేళ్లు బళ్లో కళ్ల ముందే కూర్చున్న పిల్లలో తెలివి ఉందని పదో తరగతి దాకా ఎవరికీ ఎందుకు తెలియలేదో ఆ వార్తలో ఒక్క ముక్క ఉండదు.

నా రెండో తరగతి సంగతి చెప్తా. మాది పల్నాడులో ఒక మాదిగపల్లె. పత్తి తీతలప్పుడు అమ్మ వెంట చేలోకి పోయేదాన్ని. సాయంత్రం గట్టు మీద కాటా వేసేవాళ్లు. కిలోకి రూపాయి పావలా. ఎవరి మూట ఎంత తూగితే వాళ్లకెంత రావాలో మేస్త్రి వేళ్లు మడిచేలోపే నేను చెప్పేసేదాన్ని. ఇరవై ఎనిమిది కిలోలు, ముప్పై ఐదు రూపాయలు. ఒకరోజు అమ్మ మూట ముప్పై తూగింది, పుస్తకంలో ఇరవై ఎనిమిది రాశాడు. అదేంటని అడిగా. తరుగు అన్నాడు. పక్కామె మూటకి ఒక కిలోనే తీశారుగా అన్నా. "దీనికి నోరు బాగా లేస్తందే, అదుపులో పెట్టుకో" అని అమ్మను కసిరాడు.

సంక్రాంతి తర్వాత బడికి పోతే సారు పదమూడో ఎక్కం చెప్పమన్నారు. పాడటం రాదు నాకు. పదమూడు ఏడులెంత అంటే మాత్రం తొంభై ఒకటి అని టక్కున చెప్పా. పది ఏడులు డెబ్బై, మూడు ఏడులు ఇరవై ఒకటి, కాటా దగ్గర చేసే పనే. "ఎక్కం రాకుండా ఎట్టా చెప్పావ్? ఎవరందించారు?" అని, అందించిందని నా పక్కదాన్ని కొట్టి, నన్ను గోడ దగ్గర మొద్దుల వరసలోకి పంపారు. చెడ్డమనిషి కాదు ఆయన. మా పల్లెలో పెళ్లిళ్లకు కూడా వచ్చేవాడు. ఆ జవాబు నా తలలోంచి వచ్చి ఉంటుందన్న ఊహే ఆయనకు రాలేదు, అంతే.

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదాన్ని కాబట్టి మాటల సంగతి కాస్త చెప్పే హక్కు ఉందనుకుంటా. ఊళ్లో పిల్లాడు ఎదురు ప్రశ్న వేస్తే 'చురుకు'. పల్లె పిల్ల వేస్తే 'నోరెక్కువ'. వాడు ముందే లెక్క చేసి కిటికీలోంచి చూస్తుంటే 'ఆలోచనాపరుడు', మనవాడైతే 'ధ్యాస లేదు'. వాడిది తెలివి, మనది గడుసుతనం, ఇంకొంచెం ఎక్కువైతే అతితెలివి. ఇక గొప్ప తెలివికి మన భాష దాచుకున్న పెద్ద మాట ఏకసంథాగ్రాహి. ఒక్కసారి వల్లెవేస్తే పట్టేసేవాడు. సంథ చెప్పే అరుగు మీదికి ఎవర్ని రానిచ్చారో మీకు తెలుసు. కాటా లెక్క పట్టిన పిల్లకు అలాంటి మాట ఏదీ నిఘంటువులో నాకు దొరకలేదు.

జాషువా 1895లో మన వినుకొండలోనే పుట్టాడు. తల్లి మాదిగ, తండ్రి యాదవ. బళ్లో ఆ పిల్లాడికి దక్కింది అవమానం. 'గబ్బిలం' వచ్చింది 1941లో. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి కాలికి గండపెండేరం తొడిగిన ముచ్చట ఇప్పుడు అందరూ మురిసిపోతూ చెబుతారు. ఏడేళ్ల జాషువాను గుర్తుపట్టిన పంతులు ఎవరని మాత్రం అడగరు.

ఇప్పుడు కాలం మారిందంటారా? 2020 జాతీయ విద్యావిధానం ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లల్ని ఉపాధ్యాయులే గుర్తించి ప్రోత్సహించాలంటోంది. వినడానికి బాగుంది. కానీ నన్ను గోడ వరసకు పంపిన చూపుకే మళ్లీ ఆ పని అప్పగించారు. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్‌లో ఆరు, ఏడు తరగతుల అబ్బాయిల చేత చిక్కుదారుల పజిళ్లు చేయించి 2006లో ఒక పరిశోధన అచ్చువేశారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలు, పైకులాల పిల్లలు సమానంగా చేశారు. అందరి ముందూ పేరూ కులమూ చదివాక దళిత పిల్లల స్కోరు ఐదో వంతు దాకా పడిపోయింది. అవే పజిళ్లు, అదే వయసు. మన బళ్లలో స్కాలర్‌షిప్ ఫారాల రోజు ఎస్సీలు లేచి నిలబడండి అనే పిలుపు గుర్తుందా?

అమెరికాలో ఫ్లోరిడాలోని ఒక పెద్ద స్కూలు జిల్లాలో కూడా ముందు టీచర్లో తల్లిదండ్రులో పేరు చెబితేనే ప్రతిభ పరీక్ష పెట్టేవాళ్లు. 2005లో పద్ధతి మార్చి రెండో తరగతి పిల్లలందరికీ, ఎవరూ సిఫారసు చేయకుండానే, మాటలతో పనిలేని ఒక చిన్న పరీక్ష పెట్టారు. నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ పిల్లలు, పేదింటి పిల్లలు ఆ జాబితాలోకి ఒక్కసారిగా పెరిగారు. తర్వాత డబ్బుల్లేవని ఆ పరీక్ష ఆపేస్తే పాత తేడాలు మళ్లీ తేలాయి.

మన దగ్గర ఏముంది? నవోదయ. మద్దిరాలలో ఒకటి, ఒంగోలులో ఒకటి. ఐదో తరగతి చదివేవాళ్లకు పరీక్ష. 2024లో, 2025లో అది జనవరిలో జరిగింది. జనవరిలో ప్రకాశం పడమటి మెట్ట పిల్లలు, కర్నూలు పడమటి మండలాల పిల్లలు ఎక్కడుంటారు? చాలామంది గుంటూరు, పల్నాడు మిరప చేలల్లో, టార్పాలిన్ పట్టాల కింద, చెల్లెల్ని చంకనేసుకుని. హాల్‌టికెట్ ఊళ్లో, పిల్ల గట్టు మీద. అసలు ఐదో తరగతి దాకా ఆగడమే ఆలస్యం. అప్పటికి మూడేళ్లుగా మొద్దు అనిపించుకున్న పిల్ల ఆ మాట నమ్మేసి ఉంటుంది.

గురుకులాల మీద నేను రాయి వేయను. మనలో ఎందరం అక్కడి అన్నం తిని ఇక్కడిదాకా వచ్చామో తెలుసు. కానీ అవి కూడా ఐదో తరగతికే తీసుకుంటాయి, ఒకరిద్దరిని ఏరుకుపోతాయి. మిగిలినవాళ్లకు పల్లె బళ్లో ఏం మిగిలిందన్నది ఎవరికీ పట్టదు.

మన మిత్రులు కొందరు ప్రతిభ అన్న మాటే బ్రాహ్మణీయం, వదిలేద్దాం అంటారు. నేనూ కొన్నాళ్లు అలాగే వాదించా. గుంటూరు పట్నంలో ఒలింపియాడ్ అని, ఫౌండేషన్ అని బోర్డులు చూశాక మానేశా. మనం వదిలేస్తే ఆ మాట మాయమవదు, ఫీజు కట్టగలిగినవాళ్ల సొంతమవుతుంది. మరీ ముందే పాఠం అర్థమైపోయిన పిల్లకు ఇంకో పుస్తకం, ఇంకో కష్టమైన లెక్క ఇవ్వకపోతే ఏమవుతుందో తెలుసా? అల్లరి చేస్తుంది, దెబ్బలు తింటుంది, తర్వాత పనికి పోతుంది. నా పక్కన కూర్చుని నా బదులు దెబ్బ తిన్నది నాకంటే వేగంగా లెక్క చేసేది. ఐదుతో ఆపేసింది. ఇప్పుడు ముఠాతో కోతలకు పోతోంది.

కాబట్టి అడగాల్సింది ఇది. రెండో తరగతిలో ప్రతి పిల్లనూ చూడాలి, ఎవరి సిఫారసూ లేకుండా. దసరాకు ముందే చూడాలి, పత్తి తీతలు మొదలవకముందు. నోటితో అడగాలి, ఇంట్లో మాట్లాడే తెలుగులో, కులం నమోదు కాగితం బల్ల మీద లేకుండా. తేలినవాళ్లకు అదనపు పుస్తకం, అదనపు గంట అదే బళ్లో ఇవ్వాలి. ఆ పిల్ల వలసపోతే, పోయిన ఊరి బడికి కూడా ఆ కాగితం వెళ్లాలి.

యూనివర్సిటీల్లో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ దసరాకి ఇంటికి పోయినప్పుడు మీ పల్లె బడి రెండో తరగతి పిల్లల దగ్గర ఒక పూట కూర్చోండి. ఎక్కాలు అడగొద్దు. ముప్పై కిలోల మూటకి రెండు కిలోల తరుగు తీస్తే అమ్మకి కూలి ఎంత తగ్గుతుందో అడగండి. ఎవరు ఎలా చెప్పారో రాసి నాకు పంపండి. పిల్లల పేర్లు వద్దు, వాళ్లు చేసిన దారి చాలు. వచ్చే భాగం వాటితోనే రాస్తా.